మీ ఇంటి తలుపు కొట్టిన పీఆర్ఓని నేనే: మేం సంఘం ఎందుకు పెట్టుకున్నామంటే

వెనకాల హోరు వినిపిస్తే అది సముద్రం, ఏమీ అనుకోకండి. మా ఊరు భావనపాడు. శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం. టెక్కలి నుంచి నౌపడా మీదుగా ఉప్పు మడులు దాటుకుంటూ వస్తే మా ఊరొస్తుంది. మీలో కొంతమంది పోర్టు పేరుతో విని ఉంటారు. మొదట్లో అందరూ భావనపాడు పోర్టు అనేవారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగే టైముకి అది మూలపేట పోర్టు అయింది.

సరే, విషయంలోకి వస్తాను. ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ పరీక్షలు అయిపోయిన వారానికే మీ ఇంటికి ఒకాయన వచ్చుంటాడు. చేతిలో ఫైలు, మెడలో ఐడీ కార్డు, మొహం నిండా నవ్వు. మీ పేరు, మీ మార్కులు, మీ నాన్నగారి ఫోన్ నంబరు అన్నీ ఆయనకి ముందే తెలుసు. మీ అమ్మగారు ఇచ్చిన టీ తాగి, బ్రోచర్ తీసి, "మీ బాబు భవిష్యత్తు మాది" అనుంటాడు. ఆయన్నే పీఆర్ఓ అంటారు. పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసర్. పేరు పెద్దదే. పని మాత్రం ఎండలో బైకు మీద అడ్మిషన్లు తేవడం.

ఆ ఆయన్ని నేనే. 6 సంవత్సరాలు అదే పని చేశాను. ఏ బడికి చేశానో చెప్పను. ఆ బడి పరువు తీయడానికి రాలేదు, ఈ పని ఎలా నడుస్తుందో చెప్పడానికి వచ్చాను. మాలాంటి వాళ్లం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. దాన్ని నడుపుతుంటే ఏం జరిగిందో ఈరోజు చెప్తాను. మేం బాగా చేసినవీ చెప్తాను, నేను తప్పు చేసినవీ చెప్తాను.

ముందు ఈ పని గురించి. జీతం తక్కువ. మిగతాదంతా ఇన్సెంటివ్, అంటే ఒక్కో అడ్మిషన్‌కి ఇంత అని. వేసవి వచ్చిందంటే టార్గెట్. చాలాచోట్ల పాఠాలు చెప్పే సార్లని, మేడమ్‌లని కూడా ఎండలో ఇల్లిల్లూ తిప్పుతారు. మాకు ట్రైనింగ్ అంటే ఏంటనుకుంటున్నారు? ఒక గంట మీటింగ్. ఏం చెప్పాలో ఒక లిస్టు ఉంటుంది. అడిగితే తప్ప చెప్పకూడనివి ఇంకో లిస్టు. ఆ రెండో లిస్టు మాత్రం కాగితం మీద ఉండదు.

ఇక మా తీరంలో ఒక సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలు మా ఇళ్లలో సంపాదన ఉండదు. సరిగ్గా ఆ రెండు నెలలే అడ్మిషన్ల సీజన్. గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదకి వెళ్లిన మగవాళ్లు కూడా ఆ రోజుల్లోనే ఇంటికొస్తారు. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం డబ్బు, అప్పట్లో 10,000 రూపాయలు, పడేది కూడా ఆ వేసవిలోనే. మాకు ఆఫీసులో ఏం చెప్పేవాళ్లంటే, "ఆ డబ్బు పడిన వారంలోనే ఇంటికి వెళ్లాలి, సీటు అడ్వాన్స్ కట్టించాలి" అని. నేను మత్స్యకారుల పిల్లోణ్ణే. మా నాన్న వల వేసిన మనిషే. డబ్బు ఎప్పుడు పడుతుందో, ఏ ఇంట్లో ఎవరు వచ్చి ఉంటారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే నాకు ఈ ఏరియా ఇచ్చారు. అది నాకు ఆలస్యంగా అర్థమైంది.

2022 వేసవిలో మా వీధిలో ఒక మావయ్య కొడుకుని ఆరో తరగతిలో చేర్పించాను. రక్తసంబంధం కాదు, వరసకి మావయ్య. ఫీజు సగానికి సగం తగ్గింపు అని చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఆ తగ్గింపు మొదటి సంవత్సరానికే. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పోర్టు వస్తోంది మావయ్యా, ఇంగ్లీషు వచ్చినవాళ్లకే ఉద్యోగాలు అని కూడా అన్నాను. అది నాకెవరూ చెప్పమనలేదు, నా సొంత తెలివి.

2023 జూన్‌లో ఆయన మా ఇంటికొచ్చాడు. చేతిలో ఫీజు కాగితం. ఆయన మాటలు నాకింకా గుర్తున్నాయి. "అల్లుడూ, నువ్వు సెప్పినావనే కదరా సేర్సినాను. సగమే అన్నావు. ఈ కాయితంలో ఏటి ఇలగుంది?" అన్నాడు. "ఆఫీసులో అడిగి చెప్తాను మావయ్యా" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "నాకు ఇస్కూలు తెల్దురా. నాకు నువ్వు తెలుసు" అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

పూర్తి ఫీజు కట్టే స్తోమత ఆయనకి లేదు. అబ్బాయిని ప్రభుత్వ బడికి మారుద్దామంటే, బాకీ కడితేగానీ టీసీ ఇవ్వమన్నారు. పిల్లోడు జూన్, జూలై ఇంట్లోనే కూర్చున్నాడు. నేను రోజూ బైకు మీద ఆ ఇంటి ముందు నుంచే వెళ్లాలి. ఇంకో దారి లేదు.

ఆ టైములో టెక్కలిలో టీ కొట్టు దగ్గర మేం నలుగురైదుగురు పీఆర్ఓలం కలిసేవాళ్లం. వేర్వేరు బడులు. సీజన్‌లో ఒకరి అడ్మిషన్ ఒకరు లాక్కునేవాళ్లమే. నేను ఈ మావయ్య సంగతి చెప్పాను. ఆశ్చర్యం ఏంటంటే, అక్కడున్న ప్రతివాడి దగ్గరా ఇలాంటి కథ ఒకటి ఉంది. ఒకరికి సొంత చెల్లెలు, ఒకరికి చిన్నప్పటి ఫ్రెండు. ఎవరో అన్నారు, "మనకంటూ ఒక సంఘం ఉంటే, ఇది మేం చెప్పం అని మేనేజ్‌మెంట్‌తో అనొచ్చు కదా" అని.

2023 ఆగస్టులో మొదటి మీటింగ్. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని పెద్దమనిషిగా పిలిచాం. ఆయన మా సంఘం సంగతి పక్కనపెట్టి, ముందు నా మావయ్య సంగతి విన్నారు. విని, విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 5 గురించి చెప్పారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఇంకో బడికి మారాలనుకుంటే హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండటానికి కూడా లేదు. నేను 4 సంవత్సరాలుగా బడి తరఫున మాట్లాడుతున్నాను, ఈ ముక్క నాకు తెలియదు! ఆ రాత్రే మావయ్య పేరుతో ఒక అర్జీ రాశాం. వారం తిరక్కుండా టీసీ చేతికొచ్చింది. అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాడు. మా సంఘం చేసిన మొదటి పని అదే. అప్పటికి సంఘానికి పేరు కూడా లేదు.

ఇప్పుడు సంఘం ఎలా పెట్టుకోవాలో చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. కనీసం 7 మంది ఉండాలి. సంఘం లక్ష్యాలు ఏంటో ఒక మెమొరాండం, ఎలా నడుస్తుందో బైలాస్ రాసుకుని రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ తర్వాత ఏటా జనరల్ బాడీ పెట్టాలి, కమిటీ జాబితా, లెక్కలు పంపాలి. జీతాల కోసం కొట్లాడాలంటే యూనియన్ పెట్టుకోవాలి, దానికి చట్టం వేరు. మాలో సగం మంది యూనియన్ కావాలన్నారు. రెండు ఆదివారాలు దానిమీదే గొడవ. చివరికి, ముందు మన పనికి ఒక గౌరవం తెచ్చుకుందాం, అది లేనప్పుడు జీతం పెంచమని ఏ మొహంతో అడుగుతాం అని సొసైటీకే ఓటేశాం.

మాకంటే ముందు ఎవరైనా ఇలా చేశారా అని వెతికాం. అమెరికాలో బడుల పీఆర్ వాళ్లకి నేషనల్ స్కూల్ పబ్లిక్ రిలేషన్స్ అసోసియేషన్ అని ఉంది. 1935 నుంచి ఉంది! అక్కడ మన జిల్లా పరిషత్‌లాగా స్కూల్ డిస్ట్రిక్ట్‌లు ఉంటాయి. ఆ ప్రభుత్వ బడులే ఇందుకోసం ఉద్యోగుల్ని పెట్టుకుంటాయి. బడ్జెట్ ఎంత, బస్సు రూటు ఎందుకు మారింది, మంచు తుఫానుకి సెలవు ఎప్పుడు, ఇవన్నీ తల్లిదండ్రులకి చెప్పడం వాళ్ల పని. అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. మన దగ్గర పీఆర్ఓ అంటే పిల్లల్ని తెచ్చేవాడు. పిల్ల చేరిన మర్నాటి నుంచి ఆ ఇంటికి ఫోన్ చేసేవాడే ఉండడు.

మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. 1958లో మొదలైంది. 1966లో రిజిస్టర్ అయ్యేదాకా అది కూడా మాలాగే ఊరికే కలిసి మాట్లాడుకునే గుంపు. 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో మొదటి అఖిల భారత పీఆర్ సదస్సు జరిగింది. అక్కడ ఒక నైతిక నియమావళి ఒప్పుకున్నారు. 1965లో ఏథెన్స్‌లో అంతర్జాతీయ పీఆర్ సంఘం పెట్టుకున్న నియమావళే అది. 1986 నుంచి ఏప్రిల్ 21ని జాతీయ పీఆర్ దినోత్సవంగా జరుపుతున్నారు. ఇదంతా చదివి మాకు ధైర్యం వచ్చింది. చూడండి, 8 సంవత్సరాలు వాళ్లకి కూడా రిజిస్ట్రేషన్ లేదు. మాకు 5 నెలలు పట్టిందని ఏడుస్తున్నాం!

సరే, సంఘం పెట్టడం తేలిక. నడపడం ఉంది చూశారూ...

మొదటి సమస్య, ఎవరు మెంబరు? ప్రైవేటు బడి పీఆర్ఓలు సరే. టీచర్ ఉద్యోగం చేస్తూ వేసవిలో క్యాన్వాసింగ్‌కి వెళ్లేవాళ్లు? వాళ్లనీ తీసుకున్నాం. మరి అడ్మిషన్‌కి ఇంత అని కమిషన్ తీసుకునే ఏజెంట్లు? వాళ్లని వద్దనుకున్నాం, ఎందుకంటే వాళ్లు ఏ బడికీ జవాబుదారీ కాదు. ప్రభుత్వ బడి సార్లు కూడా కొంతమంది వచ్చారు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా, దాని ముందు ఒక సారు వచ్చి, "తల్లులు వస్తారు, కూర్చుంటారు, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోతారు, మాట్లాడించడం ఎలా?" అని అడిగారు. ఆరోజు ఆయన దగ్గర మేమే ఎక్కువ నేర్చుకున్నాం. ప్రభుత్వ బడి సార్లని అతిథులుగా పిలుస్తాం, మెంబర్‌షిప్ ఇవ్వం.

రెండో సమస్య, డబ్బు. చందా నెలకి 50, ఏడాదికి 600. అది వసూలు చేయడం అడ్మిషన్ తేవడంకంటే కష్టం. ఇంతలో ఒక మేనేజ్‌మెంట్ వాళ్లు కబురు పెట్టారు, "మీ వార్షికోత్సవం ఖర్చు మేం పెట్టుకుంటాం, బ్యానర్ మీద మా పేరు వేయండి చాలు" అని. భోజనాలు, షాల్వాలు, అన్నీ. మా వాళ్లకి నోరూరింది, నాకూ ఊరింది. మా ట్రెజరర్ ఒక అక్క, అకౌంట్స్ బాగా తెలిసిన మనిషి. ఆవిడ ఒక్కటే అడిగింది, "రేపు ఆ బడి మీదే కంప్లయింట్ వస్తే, తిన్న చేత్తో ఏం రాస్తాం?" అని. వద్దన్నాం. వార్షికోత్సవానికి పులిహోర, అరటిపండు. ఫోటోలు కూడా అంత బాగా రాలేదు.

మూడోది, లెక్కలు. ప్రతి నెలా చివరి తేదీన ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది వాట్సాప్ గ్రూపులో పెడతాం. 20 రూపాయల జిరాక్స్ కూడా. గ్రూపులో గుడ్ మార్నింగ్ ఫోటోలు నిషేధం. నవ్వకండి, ఈ రూలు పాస్ చేయడానికి పెద్ద యుద్ధమే జరిగింది. కానీ ఆ గుడ్ మార్నింగ్‌ల మధ్యలో మీటింగ్ మెసేజ్ కనబడక ఒకసారి కోరమ్ లేక మీటింగ్ ఆగిపోయింది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. నియమావళి. పెద్ద పెద్ద మాటలతో 12 పేజీలు రాసుకున్నాం మొదట. ఎవరూ చదవలేదు. తర్వాత అదంతా తీసేసి ఒకే ఒక్క పేజీ కాగితం తయారుచేశాం, తెలుగులో. పీఆర్ఓ ఏ ఇంటికి వెళ్లినా ఆ కాగితం నింపి, సంతకం పెట్టి, తల్లిదండ్రులకి ఇచ్చి రావాలి. అందులో ఏముంటుందంటే: ఫీజు ఈ ఏడాది ఎంత, వచ్చే ఏడాది ఎంత, ఆఖరి తరగతి దాకా ఎంత. తగ్గింపు ఉంటే ఎన్ని సంవత్సరాలు. బస్సు, పుస్తకాలు, యూనిఫాం విడిగా ఎంత. మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు ఎంత తిరిగొస్తుంది. ఒకటో తరగతి అయితే, విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఉంటాయి, దానికి అర్హత ఉందేమో చూసుకోండి అని ఒక లైను. కింద పీఆర్ఓ పేరు, సంతకం.

ఆ 25 శాతం లైను దగ్గర మాకు చాలా గొడవ జరిగింది. "మన కొమ్మ మనమే నరుక్కుంటామా?" అన్నారు. నిజమే, ఆ లైను వల్ల ఇన్సెంటివ్ పోతుంది. 6 ఓట్ల తేడాతో ఉంచాం.

ఇంకో రూలు, పిల్లల ఫోటోలు. ర్యాంకుల ఫ్లెక్సీలు మీరు చూస్తూనే ఉంటారు. ఒకే పిల్ల మూడు సంస్థల ఫ్లెక్సీల మీద ఉంటుంది. 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలితం వచ్చాక ఆ విద్యార్థి దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోకుండా పేరుగానీ, ఫోటోగానీ వాడకూడదు. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే కుదరదు. అది కోచింగ్ వాళ్ల కోసం. మేం అదే రూలు బడులకీ పెట్టుకున్నాం. 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టం కూడా 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మొదట్లో అన్నాను కదా, మీ మార్కులు, మీ నాన్నగారి నంబరు మాకు ముందే తెలుసని. ఆ లిస్టులు మాకు ఎవరో ఇచ్చేవాళ్లు, మేం తీసుకునేవాళ్లం. ఎక్కడివని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు మా మెంబర్లు అలాంటి లిస్టు ముట్టుకోకూడదు.

ఇలా రూల్స్ రాసుకున్నంతసేపూ బాగుంది. అసలు పరీక్ష 2025 వేసవిలో వచ్చింది.

మా మెంబరు ఒక చెల్లెలు. చిన్న బడి, నెలకి 14,000 జీతం. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఒక అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి. ఆ అమ్మాయి వీళ్ల బడిలో చదివింది ఎనిమిది దాకానే. తర్వాత రెండేళ్లు వేరే చోట చదివింది. "మా విద్యార్థిని" అని ఫ్లెక్సీ వేయించమన్నారు. ఈ చెల్లెలు వెయ్యనంది. మా సంఘం రూలు చూపించింది. "అయితే సంఘంలోనే జీతం తీసుకో" అన్నారు. వారం తిరిగేసరికి ఉద్యోగం పోయింది.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. నేను కార్యదర్శిని. నేనేం చేయాలి? మర్నాడే అత్యవసర మీటింగ్ పిలవాలి, బైలాస్‌లో అదే ఉంది. నేను పిలవలేదు. 9 రోజులు ఆపాను. వాళ్లే సర్దుకుంటారులే అనుకున్నాను. అసలు కారణం అది కాదు. సీజన్ మధ్యలో ఒక మేనేజ్‌మెంట్‌తో గొడవ పెట్టుకుంటే ఎంతమంది మెంబర్లు పోతారో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. పదో రోజు మా ట్రెజరర్ అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, ఆ పిల్ల మన కాగితాన్ని నమ్మి ఉద్యోగం పోగొట్టుకుంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదంట" అంది. నాకు మావయ్య గుర్తొచ్చాడు. అప్పుడు బడి తరఫున మాట ఇచ్చి తప్పించుకున్నాను. ఇప్పుడు సంఘం తరఫున మాట ఇచ్చి అదే చేస్తున్నాను.

మీటింగ్ పెట్టాం. 43 మంది మెంబర్లలో 31 మంది వచ్చారు. ఒకాయన లేచి, "మాకూ పిల్లలున్నారు, లెటర్ మీద మా పేర్లుంటే రేపు మా గతేంటి?" అన్నాడు. ఆయన పిరికివాడేం కాదు, మా అందరి భయాన్నే బయటికి చెప్పాడు. మూడు గంటలు మాట్లాడుకున్నాం. చివరికి రెండు నిర్ణయాలు. ఒకటి, సంఘం లెటర్‌హెడ్ మీద ఆ బడికి ఉత్తరం, సంతకం అధ్యక్షుడిది, నాది మాత్రమే. రెండు, ఆమెకి 3 నెలలపాటు సగం జీతం సంఘం నిధి నుంచి. నెలకి 7,000, మొత్తం 21,000. మా దగ్గర ఉన్నదే 41,000. ఓటింగ్‌లో 17 మంది అవునన్నారు, 14 మంది వద్దన్నారు.

ఆ నెలలో 6 మంది రాజీనామా చేశారు. ఇప్పుడు 37 మందిమి ఉన్నాం. ఉత్తరానికి జవాబు రాలేదు. ఫ్లెక్సీ మాత్రం లేవలేదు. మా ఉత్తరం వల్లో, వాళ్లకి వేరే ఎవరూ వేయించలేదో నాకు తెలియదు, గొప్ప చెప్పుకోను. ఆ చెల్లెలికి ఇంకో బడిలో ఉద్యోగం దొరకడానికి 4 నెలలు పట్టింది. మేం డబ్బు ఇచ్చింది 3 నెలలకే. ఆ నాలుగో నెల ఎలా గడిచిందని మేం అడగలేదు. అడగాల్సింది. ఇప్పుడు బైలాస్ మార్చుకున్నాం. ఇలాంటి ఫోన్ వస్తే 48 గంటల్లో కార్యదర్శి మీటింగ్ పిలవాలి, పిలవకపోతే ట్రెజరర్ పిలవొచ్చు. ఆ రూలు నన్ను దృష్టిలో పెట్టుకుని రాసిందే. నేనే ప్రతిపాదించాను.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా జిల్లా మీద విరుచుకుపడింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్నో నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. బడులు ఎప్పుడు తెరుస్తారో, హాస్టల్లో పిల్లలు ఎలా ఉన్నారో తెలియక తల్లిదండ్రులు నడుచుకుంటూ వెళ్లారు. అప్పటికి నేను ఈ పనిలో చేరలేదు. కానీ ఇప్పుడు అనిపిస్తుంది, బడి తరఫున మాట్లాడే మనిషి అవసరం నిజంగా ఉన్నది ఆ రోజు. అందుకే మా సంఘం ఏటా వర్షాకాలం ముందు ఒక ట్రైనింగ్ పెడుతుంది. ప్రతి ఊరిలో ఏ ఇద్దరు పేరెంట్స్‌కి కబురు చెప్తే ఊరంతా తెలుస్తుంది, ఆ లిస్టు కాగితం మీద రాసి బడిలో గోడకి అంటించాలి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. తుఫాను వచ్చిన రోజు ఫోన్‌లో లిస్టు ఎందుకూ పనికిరాదు. ఆ రోజు తల్లి మన మాట నమ్మాలంటే, ఏప్రిల్‌లో ఫీజు గురించి మనం చెప్పింది నిజమై ఉండాలి కదా.

ఇప్పుడు మీ పని. మీ తమ్ముడి కోసమో, చెల్లి కోసమో మీ ఇంటికి పీఆర్ఓ వస్తాడు. అతన్ని తిట్టకండి. ఎండలో వచ్చుంటాడు, మంచినీళ్లివ్వండి. ఇచ్చి, ఈ 5 ప్రశ్నలు అడగండి. వచ్చే ఏడాది ఫీజు ఎంత? తగ్గింపు ఎన్నేళ్లు? మానేస్తే ఎంత తిరిగిస్తారు? ఫ్లెక్సీ మీదున్న పిల్లలు మీ బడిలో ఎన్నేళ్లు చదివారు? ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెడతారా? మీ అమ్మానాన్నలకి అడగడానికి మొహమాటంగా ఉంటుంది. మీకు ఫోన్ ఉంది, చదువొచ్చు, మీరు అడగండి. ఐదో ప్రశ్నకి మొహం ఎలా మారుతుందో చూడండి, మీకే తెలిసిపోతుంది.

మావయ్య సంగతి అడుగుతారు కదా. వాళ్లబ్బాయి బాగా చదువుతున్నాడు. మావయ్య నాతో ఏడాదిపైన మాట్లాడలేదు. పోయిన వేట నిషేధంలో ఒడ్డున వల బాగుచేసుకుంటుంటే నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "మీ సంగం ఏటి సేస్తాదిరా?" అన్నాడు. జేబులో ఉన్న ఆ ఒక పేజీ కాగితం తీసి చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. "ఇది అప్పుడే సూపించుంటే నా గుంటణ్ణి సేర్చకపోదును" అన్నాడు.

"అవును మావయ్యా" అన్నాను.

వల రెండో కొస నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. సాయంత్రం దాకా పట్టుకుని కూర్చున్నాను.

ఇంతే ఈరోజుకి. ఈ వేసవిలో చేరబోయే పిల్లలున్న ఇల్లు మీకు తెలిస్తే, ఈ 5 ప్రశ్నలు వాళ్లకి పంపండి.